ఆక్యుపంక్చర్‌కు మొదటిసారి వెళ్తున్నారా? సూది దిగేముందు తెలుసుకోవాల్సిన విషయాలు

"ఏమే, ఈ సూదుల వైద్యం మంచిదేనా? పక్కింటి పిన్నిగారు పది సిట్టింగులు చేయించుకున్నారట. ఇప్పుడు మెట్లు ఎక్కేస్తున్నారు. నేనూ వెళ్లనా?"

కాకినాడ నుంచి అమ్మ ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు 64 ఏళ్లు. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఎక్స్‌రే చూసిన డాక్టర్ గుజ్జు అరిగిందని చెప్పారు. బరువు తగ్గమన్నారు, తొడ కండరాలకు వ్యాయామం చేయమన్నారు. నొప్పి మరీ ఎక్కువైతే వేసుకోమని మాత్ర రాశారు.

చిక్కంతా ఆ మాత్రతోనే. అమ్మకు నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు వాడుతుంది. షుగర్ కూడా ఉంది. ఇలాంటి వాళ్లు పెయిన్ కిల్లర్లు తరచూ వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది, కిడ్నీల మీదా భారం పడుతుంది. అందుకే మందు లేని వైద్యం అనగానే ఆమెకు ఆశ పుట్టింది.

వెంటనే అవుననో కాదనో చెప్పలేకపోయాను. రెండేళ్ల కిందట మెడ నొప్పితో నేనూ దిల్లీలో ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను. అంతకుముందు వెళ్లిన ఒక క్లినిక్‌లో మాత్రం సూది వేయించుకోకుండానే లేచి వచ్చేశాను. ఆ అనుభవంతోపాటు, ఈ వైద్యం గురించి పరిశోధనలు, మన దేశంలోని నిబంధనలు ఏం చెబుతున్నాయో చూసి అమ్మకు సమాధానం చెప్పాను. మొదటిసారి వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్న వారందరికీ పనికొస్తుందని ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాను.

ఆ సూదులు ఎలా ఉంటాయి?

సూది అనగానే మనకు ఇంజెక్షనే గుర్తొస్తుంది. కానీ ఈ రెండింటికీ పోలిక తక్కువ.

ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది. మందు వెళ్లాలి లేదా రక్తం రావాలి కాబట్టి కాస్త లావుగానూ ఉంటుంది. రక్త పరీక్షకు సాధారణంగా వాడే సూది మందం దాదాపు 0.8 మిల్లీమీటర్లు. ఆక్యుపంక్చర్ సూదికి బోలు ఉండదు, అందులోంచి ఏ మందూ ఎక్కించరు. మందం ఎక్కువగా 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పట్టుకుంటే వంగిపోయేంత సన్నం.

ఒక సిట్టింగ్‌లో ఎన్ని సూదులు వేస్తారన్నది సమస్యను బట్టి ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 20 వరకు వాడతారు. కొన్ని చోట్ల చర్మంలోకి కొద్దిగా మాత్రమే దిగుతాయి. తొడ, పిరుదుల వంటి కండ ఎక్కువున్న చోట మరికాస్త లోతుకు వెళ్తాయి.

మొదటి సిట్టింగ్‌లో ఏం జరుగుతుంది?

మొదటిసారి గంట వరకు పట్టొచ్చు. అందులో సగం మాటలకే సరిపోతుంది. నొప్పి ఎప్పటి నుంచి ఉంది, ఏ వేళలో ఎక్కువవుతుంది, నిద్ర ఎలా పడుతుంది, జీర్ణం ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. సంప్రదాయ చైనా పద్ధతి నేర్చుకున్నవారు నాలుక చాపమంటారు, రెండు చేతుల నాడీ చూస్తారు.

మెడ నొప్పి అని వెళ్తే చేతికీ కాలికీ సూదులు వేస్తున్నారేమిటని కంగారు పడక్కర్లేదు. శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని మార్గాల గుండా ప్రవహిస్తుందని, ఆ మార్గాల్లోని బిందువుల దగ్గర సూది గుచ్చితే ప్రవాహం సరిపడుతుందని చైనా సంప్రదాయం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జాబితాలో ఇలాంటి బిందువులు 361 ఉన్నాయి. నొప్పి ఉన్న చోటికి దూరంగా సూది వేయడం ఈ పద్ధతిలో మామూలే.

వెళ్లేటప్పుడు మోకాలి పైకి, మోచేతి పైకి మడవడానికి వీలైన వదులు బట్టలు వేసుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, అలాగని పూర్తి భోజనం చేసీ వెళ్లొద్దు. ఒకటి రెండు గంటల ముందు తేలికగా ఏదైనా తింటే చాలు. షుగర్ ఉన్నవారు ఇది మరవకూడదు.

మంచం మీద పడుకోబెట్టాక చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడుస్తారు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఉన్న సూదిని చర్మం మీద ఆనించి, పైనుంచి వేలితో ఒక్కసారి తడతారు. సూది దిగుతుంది. ఆ తర్వాత 15 నుంచి 30 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఈ సమయంలో చాలామంది నిద్రపోతారు. నాకైతే మొదటి పది నిమిషాలూ ముక్కు దురద పెట్టింది, గోక్కోవడానికి చేయి ఎత్తలేని పరిస్థితి. పిలిస్తే పలికేంత దూరంలో ఎవరైనా ఉంటారో లేదో ముందే అడగండి.

కొందరు సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి స్వల్పంగా కరెంటు పంపుతారు. టక్ టక్ మని కండరం అదురుతుంది. మరికొందరు సూది వేసిన చోట ఒక ఎండుటాకు పొడిని కాల్చి వేడి తగిలిస్తారు. దాన్ని మాక్సా అంటారు. వినాయక చవితి పత్రిలో వాడే మన మాచిపత్రి, ఈ మాక్సా మొక్క ఒకే జాతివి. ఇవేవీ తప్పనిసరి కాదు. వద్దంటే వద్దని చెప్పొచ్చు.

నొప్పి పుడుతుందా?

సూది దిగేటప్పుడు చీమ కుట్టినట్లు ఉంటుంది, కొన్ని చోట్ల అదీ తెలియదు. ఆ తర్వాత సూదిని కొద్దిగా తిప్పినప్పుడు బరువుగా, తిమ్మిరిగా, లోపల ఎవరో లాగుతున్నట్లుగా అనిపించొచ్చు. చైనా వైద్యులు దీన్ని 'దేచీ' అంటారు, సూది సరైన చోట పడిందనడానికి గుర్తుగా తీసుకుంటారు.

అయితే కరెంటు షాక్ కొట్టినట్లు జివ్వుమన్నా, మంట పుట్టినా, పదునైన నొప్పి ఆగకుండా వచ్చినా భరించాల్సిన పని లేదు. వెంటనే చెప్పండి. సూది తీసేయడమో, చోటు మార్చడమో చేస్తారు.

సూదులు తీశాక ఒకటి రెండు చోట్ల రక్తపు చుక్క కనిపించొచ్చు, చిన్నగా కమిలిపోవచ్చు. కొందరికి హాయిగా, కొందరికి నీరసంగా ఉంటుంది. మొదటిసారి వెళ్లినవారిలో కొందరికి కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. అందుకే మొదటి సిట్టింగ్ కూర్చోబెట్టి కాకుండా పడుకోబెట్టి చేయడం మేలు. లేచాక పది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాతే బండి తీయండి.

ఇది నిజంగా పనిచేస్తుందా?

అమ్మ అసలు అడిగింది ఇదే. దీనికి ఒక్క మాటలో సమాధానం లేదు.

జర్మనీలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1,162 మందిపై జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. వారిని మూడు బృందాలుగా చేశారు. ఒక బృందానికి సంప్రదాయ బిందువుల దగ్గర సూదులు వేశారు. రెండో బృందానికి ఆ బిందువులు కాని చోట, పైపైన గుచ్చారు. మూడో బృందానికి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం వంటి మామూలు వైద్యం అందించారు. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి బృందంలో 47.6 శాతం మందికి, రెండో బృందంలో 44.2 శాతం మందికి, మూడో బృందంలో 27.4 శాతం మందికి గుణం కనిపించింది.

అంటే సూదులు వేయించుకున్నవారికి మామూలు వైద్యం తీసుకున్నవారి కంటే ఎక్కువ ఉపశమనం దొరికింది. కానీ సూది సరైన బిందువులో పడిందా, పక్కన పడిందా అన్నదానితో పెద్ద తేడా రాలేదు.

సుమారు 20,800 మంది రోగుల వివరాలతో 39 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ 2018లో వెలువడింది. నడుము, మెడ, మోకాలు, తలనొప్పి వంటి దీర్ఘకాలిక నొప్పుల్లో ఉత్తుత్తి సూదుల కంటే అసలు ఆక్యుపంక్చర్ కొంత మెరుగని అది తేల్చింది. అయితే అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య తేడా చిన్నది. సూదులు వేయించుకున్నవారికీ అసలు వేయించుకోనివారికీ మధ్య తేడా అంతకంటే పెద్దది.

ఉత్తుత్తి సూది అంటే నాటకాల్లో వాడే కత్తి లాంటిది. గుచ్చినట్లు కనిపిస్తుంది కానీ పిడిలోకి జారిపోతుంది, చర్మంలోకి దిగదు. గుణం కనిపించడంలో సూది వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత, అరగంట ప్రశాంతంగా పడుకోవడం వాటా ఎంత అని తేల్చడానికే ఈ ఏర్పాటు. సూది గుచ్చినప్పుడు నరాలు స్పందించి, మెదడు ఎండార్ఫిన్లు అనే సహజ నొప్పి నివారిణులను విడుదల చేస్తుందన్న వివరణ 1970ల నుంచి ఉంది. 'చీ' ప్రవహించే మార్గాలు శరీరంలో ఉన్నాయనడానికి మాత్రం ఇప్పటివరకు ఆధారం దొరకలేదు.

బ్రిటన్‌లో ఏ వైద్యానికి ఆధారాలున్నాయో చూసి మార్గదర్శకాలు ఇచ్చే 'నైస్' సంస్థ సిఫార్సులు కూడా సమస్యను బట్టి మారుతున్నాయి. పదే పదే వచ్చే మైగ్రేన్‌కు ముందుగా ఇచ్చే మందులు సరిపడకపోతే ఆక్యుపంక్చర్ ఆలోచించవచ్చని చెబుతుంది. ఫలానా కారణమని తేలని దీర్ఘకాలిక నొప్పులకూ పరిశీలించవచ్చని 2021లో చెప్పింది. నడుము నొప్పికి మాత్రం వద్దని 2016లో, కీళ్ల అరుగుదలకు వద్దని 2022లో చెప్పింది.

అమ్మ సమస్య ఈ చివరి జాబితాలోనే ఉంది.

ఇక షుగర్ తగ్గిస్తాం, క్యాన్సర్ నయం చేస్తాం, పక్షవాతం వచ్చిన చేతిని మళ్లీ మామూలుగా చేస్తాం, కిడ్నీలు బాగుచేస్తాం అనే బోర్డులు కనిపిస్తుంటాయి. వాటిని నమ్మి వెళ్లొద్దు. క్యాన్సర్ రోగులకు కీమోథెరపీ వల్ల వచ్చే వికారం తగ్గించడానికి సూది వాడటం వేరు, క్యాన్సర్‌నే తగ్గిస్తామనడం వేరు.

మన దేశానికి ఎలా వచ్చింది? చట్టం ఏమంటోంది?

1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయన కథతో వి.శాంతారామ్ 1946లో హిందీ సినిమా తీశారు. ఆ బృందంలోనే ఉన్న బెంగాల్ డాక్టర్ బిజయ్ కుమార్ బసు తిరిగి వచ్చి, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. కలకత్తాలో ఆయన మొదలుపెట్టిన చికిత్సతోనే మన దేశంలో ఈ వైద్యం వ్యాపించింది.

అందుకే దీనికి ప్రత్యేక చట్టం కూడా ముందుగా పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది, 1996లో. తర్వాత మహారాష్ట్ర 2015 చట్టంతో ఆక్యుపంక్చర్ కౌన్సిల్ ఏర్పాటు చేసుకుంది. కేంద్ర ప్రభుత్వం 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా అంగీకరించింది. 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది.

కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మహారాష్ట్రలో లాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు. కాబట్టి గోడ మీది సర్టిఫికెట్ ఎంత పెద్దదైనా, అది ఐదేళ్ల చదువుదా, వారాంతపు కోర్సుదా అన్నది మనమే అడిగి తెలుసుకోవాలి. ఎంబీబీఎస్ లేదా ఫిజియోథెరపీ చదివి, ఆపై ఆక్యుపంక్చర్‌లో శిక్షణ తీసుకున్నవారు ఉంటారు. ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ డిగ్రీ చేసినవారికి ఆక్యుపంక్చర్ పాఠ్యాంశంగానే ఉంటుంది. హైదరాబాద్‌లోని గాంధీ నేచురోపతిక్ మెడికల్ కాలేజీలో ఉన్నది ఈ కోర్సే. "మీరు ఏం చదివారు, ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు?" అని అడగడం మర్యాద తప్పినట్లు కాదు.

నేను ఎందుకు లేచి వచ్చేశాను?

మొదట వెళ్లిన క్లినిక్ ఓ అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. గది శుభ్రంగానే ఉంది, మాట మర్యాదగానే ఉంది. కానీ సూదులు ఒక స్టీలు ట్రేలో, స్పిరిట్‌లో మునిగి ఉన్నాయి. "కొత్తవి విప్పుతారా?" అని అడిగాను. "ఇవి మంచి సూదులు మేడమ్, రోజూ కడుగుతాం" అన్నారు.

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

స్పిరిట్‌లో ముంచినంత మాత్రాన సూది సురక్షితం అయిపోదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ వంటివి రక్తం అంటిన సూది ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతాయి. సరిగా శుద్ధి చేయని ఆక్యుపంక్చర్ సూదుల వల్ల హెపటైటిస్ బి సోకిన సంఘటనలు కొన్ని దేశాల్లో నమోదయ్యాయి. ఒకసారి వాడి పారేసే సూదులే ఇప్పుడు అంతటా దొరుకుతున్నాయి, వాటి ధర కూడా తక్కువే.

సూది దిగేముందు మూడు విషయాలు మీ కళ్లతో చూడండి.

ఒకటి, సీల్ ఉన్న ప్యాకెట్‌ను మీ ముందే విప్పాలి. దాని మీద గడువు తేదీ ఉంటుంది. "నా సూదులు నాకే దాచి మళ్లీ వాడతారు" అన్న మాటకూ ఒప్పుకోవద్దు.

రెండు, సూదులు వేసేవారు అంతకుముందు చేతులు కడుక్కోవాలి.

మూడు, వాడిన సూదులు పడేయడానికి గట్టి డబ్బా ఉండాలి. దేశంలో అమల్లో ఉన్న 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదుల వంటి పదునైన వ్యర్థాలు పొడుచుకుని బయటకు రాని తెల్లటి డబ్బాలోకే వెళ్లాలి. మామూలు చెత్తబుట్టలో పడేస్తున్నారంటే మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉంటారో ఊహించుకోవచ్చు.

శిక్షణ ఉన్నవారి చేతిలో ఇది చాలావరకు సురక్షితమే. బ్రిటన్‌లో 34 వేలకు పైగా సిట్టింగులను పరిశీలించి 2001లో ప్రచురించిన సర్వేలో తీవ్రమైన హాని ఒక్కటీ నమోదు కాలేదు. అయితే అరుదుగా, ఛాతీ, భుజాలు, వీపు పైభాగంలో సూది మరీ లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడొచ్చు. సిట్టింగ్ తర్వాత ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆక్యుపంక్చరిస్టుకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఎవరు ముందే చెప్పాలి?

రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు అడగకపోయినా చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టించుకోకూడదు. గర్భిణులకు కొన్ని బిందువుల దగ్గర సూది వేయరు. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు మాక్సా వంటి వేడి చికిత్సలకు దూరంగా ఉండాలి. కాలినా తెలియదు, పుండు పడితే మానడం కష్టం.

కొన్ని లక్షణాలుంటే ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, జ్వరంతో కూడిన కీళ్ల వాపు, నడుము నొప్పితోపాటు కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం వంటివి సూదులతో వేచి చూడాల్సిన సమస్యలు కావు.

ఎన్ని సిట్టింగులు? ఖర్చెంత?

దీర్ఘకాలిక నొప్పులకు సాధారణంగా వారానికి ఒకటి లేదా రెండు చొప్పున 6 నుంచి 10 సిట్టింగులు చెబుతారు. ఖర్చు ఊరిని బట్టి, క్లినిక్‌ను బట్టి మారుతుంది. నేను రెండోసారి వెళ్లిన చోట సిట్టింగ్‌కు 600 రూపాయలు తీసుకున్నారు.

ఇరవై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కడితే తగ్గిస్తామంటారు. కట్టకండి. నాలుగైదు సిట్టింగులు చేయించుకున్నాక నొప్పిలో, నిద్రలో, నడకలో తేడా ఉందో లేదో చూసుకోండి. మొదటి రోజే ఒక కాగితం మీద పదికి నొప్పి ఎంతో, ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారో రాసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. తేడా లేకపోతే ఆపేయండి.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. ఆయుర్వేదం, యోగా, యునానీ, సిద్ధ, హోమియో వంటివి ఉన్న ఆయుష్ జాబితాలో ఆక్యుపంక్చర్ విడిగా లేదు. పైగా చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి.

అమ్మకు ఏం చెప్పాను?

నా మెడ నొప్పి ఆరు సిట్టింగులకు సగం తగ్గింది. అదే సమయంలో ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టుకున్నాను, రోజూ మెడ వ్యాయామాలు మొదలుపెట్టాను. తగ్గింది సూదుల వల్లో, వీటి వల్లో చెప్పలేను. పక్కింటి పిన్నిగారి మోకాళ్ల సంగతీ ఇలాంటిదే కావచ్చు. నొప్పి బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లోనే ఎవరైనా వైద్యానికి వెళ్తారు. కీళ్ల నొప్పి దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది కూడా.

అమ్మకు ఇవే చెప్పాను. మోకాలి అరుగుదల విషయంలో ఆధారాలు అంత బలంగా లేవని, అరిగిన గుజ్జు సూదితో తిరిగి రాదని చెప్పాను. వెళ్లాలనుకుంటే ముందు గుండె డాక్టర్‌ను అడగమన్నాను, కొత్త ప్యాకెట్ విప్పితేనే చేయి చాపమన్నాను. తొడ వ్యాయామాలు మానొద్దన్నాను.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకొకటి. రోజూ వేసుకునే మాత్ర ఒక్కటి కూడా ఎవరు చెప్పినా ఆపొద్దని. స్టెంట్ ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే మందును సొంతంగా ఆపితే గుండెపోటు రావొచ్చు. సూదుల కోసమని ఆ మందు ఆపమన్నా, షుగర్ మాత్రలు ఇక అక్కర్లేదన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయమన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పిన్నిగారిని షుగర్ మాత్రలు ఆపేయమన్నారట. ఆపేసింది కూడా. ఇప్పుడే వెళ్లి చెబుతానుండు."

నా సమాధానం అమ్మ కంటే ముందు పిన్నిగారికే కావాల్సి వచ్చింది. మరుసటి రోజు ఆవిడ రక్త పరీక్ష చేయించుకుని, తన డాక్టర్ దగ్గరికి వెళ్లారు. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది.